నీటిమందునకు పరీక్ష యేది?

పాలంపేట రామప్పగుడిని చూచివచ్చినవారెల్లరును నీటిపై తేలు ఇటుకలను గూర్చి వినియే యుందురు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో కట్టించిన యాలయమది. దాని విమానమునకు వాడిన ఇటుకలు బెండువలె తేలికయైనవి. ఈ మాటను లోకము నమ్మినది శాసనమున జదివి కాదు, పెద్దలనోట విని కాదు. ఇటుకముక్కను నీటిలో విడిచి, అది తేలుట కన్నులార జూచి నమ్మినది. 2021 జూలైలో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో జేర్చెను. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, ఇప్పుడు ములుగు జిల్లాలో నున్న ఆ పల్లెకు దూరదేశముల యాత్రికులును వచ్చుచున్నారు. యాత్రికులు వచ్చుచోట బసలు వెలయును. బసలతోబాటు మేడలపై నీటిట్యాంకులును, గోడలలో గొట్టములును, స్నానపుగదులలో షవర్లును వెలయును. ఇటుకకు జేసిన పాటి పరీక్షయైనను ఆ నీటిలో గలుపు మందునకు జేయుచున్నామా యని మేమీ వారము అడుగదలచితిమి.

మన యూళ్లలో జలశుద్ధి యనగా బ్లీచింగు పౌడరు గలుపుటయే. సంచి వచ్చినదా, కలిపితిరా, పుస్తకమున వ్రాసితిరా యని విచారించుటతో అధికారుల కర్తవ్యము ముగియును. క్రిములు చచ్చెనా యని యడుగువాడు లేడు. మేలైన బ్లీచింగు పౌడరులో నూటికి 33 పాళ్లవరకు పనికివచ్చు క్లోరిను ఉండును. కాని వేడిమియు తేమయు సోకినకొలది ఆ సత్తువ తరిగిపోవును. మూతి విప్పిన సంచి వర్షాకాలమంతయు కొట్టుగదిలో బడియుండిన పిమ్మట అందు మిగులునది చాలవరకు సున్నమే. దానిని కొలతప్రకారము కలిపినవాడు నియమము పాటించెననుకొనును. నీటిలోని క్రిమికి మాత్రము ఏ బాధయు నుండదు.

మందు మంచిదైనను నీటినిబట్టి దాని బలము మారును. క్లోరిను నీటిలో గలిసినపుడు పుట్టు హైపోక్లోరస్ ఆమ్లమే క్రిములను జంపు ఆయుధము. నీటి పి.హెచ్. 7.5 ఉన్నపుడు అందు సగము మాత్రమే ఆ రూపమున నుండును, 8.5 అయినచో ఇంచుమించు పదవవంతు మాత్రమే మిగులును. క్షారగుణము హెచ్చుగాగల బోరునీటికిని, ఆకులలములు కుళ్లిన చెరువునీటికిని ఒకే మోతాదు చెల్లునని యనుకొనుట, పసివానికిని పహిల్వానునకును ఒకే కొలత చొక్కా కుట్టించుటవంటిది.

ఇంతవరకు చెప్పినది త్రాగునీటి సంగతి. త్రాగకున్నను ప్రాణము దీయగల క్రిమి యొకటి కట్టడముల నీటిలో గలదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక పెద్ద హోటలులో మాజీసైనికుల మహాసభ జరిగెను. ఆ సందర్భమున 221 మంది విచిత్రమైన జ్వరముతో మంచమెక్కగా వారిలో 34 మంది మరణించిరి. 1977 జనవరిలో గాని కారణము దెలియలేదు. దానిని గలిగించిన బాక్టీరియాకు ఆ సైనికసంఘము పేరనే లెజియొనెల్లా యని నామకరణము జేసిరి. ఈ క్రిమి సామాన్యముగా ఒకరినుండి యొకరికి అంటునది గాదు. షవరునుండియు, ఎయిర్ కండిషను యంత్రముల కూలింగు టవర్లనుండియు లేచు సన్నని తుంపరలతో ఊపిరితిత్తులలో బ్రవేశించి న్యుమోనియా గలిగించును. వృద్ధులకును, పొగత్రాగువారికిని, పూర్వమే వ్యాధిగ్రస్తులైనవారికిని దీనివలన భయమెక్కువ. మన దేశమున న్యుమోనియా రోగికి ఈ పరీక్ష చేయు ఆసుపత్రులు స్వల్పము. పరీక్షింపనిచోట రోగమే లేదనుట, దీపము వెలిగింపని యింట పాము లేదనుటవంటిది.

ఈ క్రిమి 20 మొదలు 45 డిగ్రీల వేడిమిగల నీటిలో వృద్ధిజెందును. కావున చన్నీటిని 20 డిగ్రీలకు దిగువను, నిలువయుంచు వేడినీటిని 60 డిగ్రీలకు మీదను ఉంచవలెనని యూరపుఖండపు నిపుణులు విధించిరి. ఆ విధి వారి దేశమునకు తగినదే. వేసవిలో గాలియే 40 డిగ్రీలు దాటు ఓరుగల్లు సీమలో, ఎర్రనియెండలో మేడమీద నిలిచిన నల్లని ప్లాస్టికు ట్యాంకులోని నీటిని 20 డిగ్రీల లోపల నుంచుట యెవనితరము? ఆ ట్యాంకు క్రిమికి పెట్టిన పొదుగుగూడు. పైగా ఆ వేడిమికే క్లోరినును త్వరగా హరించిపోవును. శత్రువునకు బలమిచ్చి మన ఆయుధమును మొద్దుబరచు ఋతువు మనకు ఏటేట వచ్చుచుండగా, చలిదేశమున జేసిన పరీక్షలను నమ్మి నిదురించుట తగునా? పరదేశశాస్త్రమును నిరసింపుమని మేము చెప్పుటలేదు. వారి పద్ధతిని గైకొనుడు. అంకెలను మాత్రము మన నీటిలో, మన యెండలో, మన గొట్టములలో మరల సాధింపుడని చెప్పుచున్నాము.

పరీక్షయన్నను ఏ పరీక్ష? గాజుపాత్రలో నిర్మలమైన నీరు పోసి, అందు క్రిములను విడిచి, మందు వేసి లెక్కించుట యొక పద్ధతి. అందు క్లోరిను త్వరలోనే జయించును. కాని గొట్టములలోని క్రిములు అట్లు విడివిడిగా దిరుగుచుండవు. గొట్టపు లోగోడలపై జిగురుపొర యొకటి పేరుకొనును. క్రిములు దానిచాటున కాపురముండును. ఆ పొరను మేయు అమీబా లెజియొనెల్లాను మ్రింగును. మ్రింగబడిన క్రిమియో, చావక దానికడుపులోనే పిల్లలు పెట్టును. కాలము ప్రతికూలమైనపుడు అమీబా గట్టి పెంకు గట్టుకొనును. అట్టి పెంకులోని లెజియొనెల్లా లీటరునకు 50 మిల్లీగ్రాముల క్లోరినుకును చావలేదని 1990లో పరిశోధకులు నిరూపించిరి. మన త్రాగునీటి ప్రమాణములో కోరబడిన కనీసపు క్లోరిను 0.2 మిల్లీగ్రాములు మాత్రమే! కావున గాజుపాత్రలోని జయమును జూపి మందు నమ్మువాని మాటలు సగము సత్యములే. జిగురుపొర పట్టిన గొట్టపు ముక్కలపై పరీక్షించినపుడే మందు యొక్క నిజబలము దెలియును.

మరియొక మోసము గలదు. నల్లానుండి పట్టిన నీటిలో క్లోరిను మిగిలియుండినయెడల, సీసా ప్రయోగశాలకు జేరులోపలనే అది క్రిములను జంపుచుండును. ఫలితము శుద్ధమని వచ్చును. గొట్టములోని క్రిములు మాత్రము క్షేమముగ నుండును. అందుచేతనే సీసాలో ముందుగా సోడియం థయోసల్ఫేటు వేసి క్లోరినును విరువవలెను. మందు వేసిన మరునాడు చూచి సంతోషించుటయు చాలదు. కొన్ని వారములకు క్రిములు మరల తలయెత్తునా యని తిరిగి చూడవలెను.

నీరు మారిన ఏమగునో అమెరికాలోని ఫ్లింటు నగరము చూపినది. 2014లో అచ్చటివారు వ్యయము తగ్గించుకొనుటకై నదినీటికి మారి, గొట్టములను తుప్పునుండి కాపాడు మందును వేయక విడిచిరి. గొట్టముల యినుము క్లోరినును మ్రింగివేసెను. రెండేండ్లలో 90 మందికి లెజియొనెల్లా వ్యాధి సోకగా 12 మంది మరణించిరి. అంతదూరము పోనేల? 2009 మేలో మన హైదరాబాదు భోలక్‌పూరున మురుగు చొరబడిన నల్లానీరు త్రాగి పదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ఫ్లింటున హరించినది తుప్పు, భోలక్‌పూరున చెరచినది మురుగు. రెండుచోట్లను నేర్పిన పాఠమొక్కటే. శుద్ధికేంద్రమున వేసిన మందు ఎంతయని యడుగుట చాలదు. కట్టకడపటి నల్లాయొద్ద నీరెట్లున్నదని యడుగవలెను.

పేదదేశమునకు ఇన్ని పరీక్షలా యని పెదవివిరుచువారు కలరు. వారికి మా సమాధానమిది. సైనికవైద్యుడైన హారక్స్ పేరనున్న పెట్టెలో ఆరు తెల్లని గిన్నెలు, ఒక నల్లని గిన్నె, రెండు గ్రాముల చెంచా, సూచకద్రవము ఉండును. నల్లని గిన్నెలో పౌడరును గలిపి, ఆ ద్రావణమును తెల్లని గిన్నెలలోని నీటికి వరుసగా ఒకటి, రెండు, మూడు చుక్కలుగా వేసి అరగంట యాగవలెను. పిమ్మట సూచకము వేసినపుడు ఎన్నవ గిన్నెయందు మొదట నీలిరంగు కనబడునో అన్ని చెంచాల పౌడరు 455 లీటర్ల నీటికి గావలెనని తేలును. ఆ పౌడరు సత్తువయు, ఆ నీటి స్వభావమును ఒక్కమారే బయటబడును. మలకాలుష్యమును బట్టియిచ్చు హైడ్రోజన్ సల్ఫైడు పరీక్షను 1982లో లోకమునకు దెలిపినవారు మన గ్వాలియరు శాస్త్రజ్ఞులు. నల్లబడిన సీసాను జూచి నిరక్షరాస్యుడును కీడును గుర్తింపగలడు. ఇవి లెజియొనెల్లాను పట్టజాలవు. దానిని పెంచి చూచుటకు ప్రయోగశాలయు, పదిదినముల యోపికయు గావలెను. చిన్న పరీక్షలు ప్రతిదినమును, పెద్ద పరీక్ష ఏడాదికి కొన్నిమారులును జరిగిన చాలును.

భయపడి మందును మితిమీరి పోయుటయు పరిష్కారము గాదు. నీరు ఘాటెక్కిన పిల్లలు దానిని విడిచి పరీక్షలేని బావికి బోవుదురు, గొట్టములు తుప్పుపట్టును, నీటిలోని ఆకుకసవుతో గలిసిన క్లోరిను అక్కరలేని రసాయనములను బుట్టించును. ఆ భయముచేత మందునే మానుట అంతకంటె పెద్ద కీడని ప్రపంచారోగ్యసంస్థ హెచ్చరించుచున్నది. తక్కువయు ఎక్కువయు గాని మేరను దెలుపునది పరీక్షయొక్కటే.

కావున మేము కోరునవి నాలుగు. పౌడరు సంచి వచ్చిననాడును, వాడుకకు విప్పిననాడును దాని క్లోరిను సత్తువను దేల్చవలెను. ప్రతి హాస్టలులో, ఆసుపత్రిలో, యాత్రికుల బసలో అన్నిటికంటె దూరపు నల్లాయొద్ద మిగులు క్లోరినును ప్రతిదినము చూచి, అందరికి గానవచ్చు బల్లపై వ్రాయవలెను. వేసవికి ముందును, సెలవుల పిమ్మట తలుపులు దెరచునపుడును ట్యాంకులను తోమి, నిలిచిన నీటిని గొట్టములనుండి పారబోయవలెను. కడపటిదియు ముఖ్యమైనదియు నేమనగా, కొనదలచిన మందులన్నిటిని మన జిల్లాల నీటితోను, మన కట్టడములనుండి కోసిన గొట్టపుముక్కలతోను ప్రభుత్వ ప్రయోగశాలలు పరీక్షించి, ఫలితములను తెలుగున ప్రకటింపవలెను. టెండరులో చవుకయైనది గాదు, పరీక్షలో గెలిచినది కొనవలెను.

మిషన్ భగీరథ 2016లో ప్రారంభమైననాటినుండి శుద్ధజలము గ్రామములకు జేరుచున్నది. గేటువరకు వచ్చిన నీటికి ప్రభుత్వము పూచీ. గేటు దాటిన పిమ్మట ఆ యింటివాడే పూచీ. హాస్టలులో జదువు గిరిజనబాలునకు గాని, గుడి జూడవచ్చిన వృద్ధయాత్రికునకు గాని తన నల్లా వెనుక నేమున్నదో చూచు శక్తి లేదు. వారికిమారు చూడవలసినవాడు చూడకుండుట నమ్మకద్రోహము. ఈ కార్యము పాలంపేటనుండియే యారంభమగుగాక. ఇటుక తేలునని నోటితో జెప్పక నీటిలో వేసి చూపిన యూరది. మన మందు పనిచేయుననియు అట్లే చూపుదము.