చెవిని పొడిచే చప్పుడు.. కాగితానికి ఎక్కని నొప్పి

గల్ఫ్ ఎండకు తట్టుకున్నాం. పన్నెండేసి గంటల డ్యూటీకి తట్టుకున్నాం. ఆరుగురు పట్టే గదిలో పదిమందిమి సర్దుకున్నాం. కానీ మెస్‌లో స్టీలు పళ్లెం కింద పడితే చాలు, రెండు చేతులతో చెవులు మూసుకుని కూలబడే మనిషిని చూస్తే మనకే నవ్వొస్తుంది. ‘ఏందిరా ఈ నాటకాలు’ అంటాం. ‘పని ఎగ్గొట్టే ఎత్తు’ అంటాడు ఫోర్‌మన్.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఓ తమ్ముడు మా క్యాంపులో ఉండేవాడు. ఐదేళ్లు బ్రేకర్ మిషన్‌తో కాంక్రీటు పగలగొట్టాడు. మొదట రాత్రిళ్లు చెవిలో కీచురాయి కూసినట్టు ఒకటే మోత. తర్వాత బస్సు హారన్, బాత్రూం తలుపు, చివరికి ఫోన్‌లో కొడుకు వేసే కేక కూడా చెవిలో సూది దించినట్టు గుచ్చుకునేది. ఆ నొప్పి గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటి దాకా ఉండేది. క్లినిక్‌కు తీసుకెళ్తే చెవి పరీక్ష చేసి ‘వినికిడి బాగుంది, పనికి ఫిట్’ అని రాసిచ్చారు. ఆ కాగితం చూసి కంపెనీ మళ్లీ బ్రేకర్ దగ్గరికే పంపింది. మూడో వారానికి ఆ తమ్ముడి మంచం ఖాళీ. ఖల్లివెల్లి అయిపోయాడు.

అతను సోమరి కాదు, చెవిటివాడూ కాదు. చెవి ఎంత వినగలదో చూశారు గానీ, ఎంత భరించగలదో ఎవరూ చూడలేదు. మెడికల్ పరీక్ష నుంచి నష్టపరిహారం దాకా ఎక్కడ చూసినా ఇదే తీరు. ఈ సందులో పడి మనవాళ్లు పనీ, వీసా రెండూ పోగొట్టుకుంటున్నారు.

చెవుడు కాదు.. ఇది వేరు

ఈ బాధను డాక్టర్లు ‘హైపర్‌ఎక్యూసిస్’ అంటారు. పక్కవాడికి మామూలుగా వినిపించే చప్పుడు ఈ మనిషికి భరించలేనంత పెద్దగా వినిపిస్తుంది. కొందరికి నిజంగానే నొప్పి పుడుతుంది. పెద్ద చప్పుళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినా, చెవి పక్కనే ఒక్కసారి పేలుడు లాంటిది జరిగినా, తలకు దెబ్బ తగిలినా ఇది రావచ్చు. చాలామందికి చెవిలో మోత కూడా తోడవుతుంది. 2015లో అమెరికాలో రెండు పరిశోధక బృందాలు ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు ఆ కబురును మోసే ప్రత్యేక నరాలు ఉన్నట్టు తేలింది. అంటే ఈ నొప్పి మనసులో పుట్టిన భ్రమ అని కొట్టేయడానికి లేదు.

మరి రిపోర్టు నార్మల్ అని ఎందుకొస్తుంది? ఆడియోమెట్రీ అనే మామూలు పరీక్షలో అతి చిన్న చప్పుడు వినిపిస్తోందా లేదా అనే చూస్తారు. ఎంత చప్పుడు దగ్గర ఇబ్బంది మొదలవుతుందో చూసే పరీక్ష వేరే ఉంది. మనం నోరు తెరిచి అడగకపోతే అది చాలాచోట్ల చేయరు. అడిగేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి: ‘చిన్న చప్పుడుతో మొదలుపెట్టండి, నేను చెయ్యెత్తగానే ఆపేయండి’ అని. ఎమ్మారై స్కాన్, మిషన్‌తో గుల్లి తీయడం కూడా పెద్ద చప్పుడు చేసేవే. వాటికి ముందే మన బాధ చెప్పుకోవాలి.

దీన్ని ఒక్క దెబ్బకు పోగొట్టే మాత్ర గానీ ఆపరేషన్ గానీ ఇప్పటికి లేదు. సన్నటి శబ్దాలతో చెవిని మెల్లగా అలవాటు చేయడం, భయం తగ్గించే కౌన్సెలింగ్.. ఇవే దారులు. నెలలు పడుతుంది. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి కొంతే. కాబట్టి ‘తగ్గేదాకా ఏ పని చేసుకోవాలి’ అన్నదే అసలు ప్రశ్న.

లెక్క తెలుసుకుంటే సగం రక్షణ

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. రోజుకు 8 గంటల పనికి 85 డెసిబెల్స్ హద్దు అని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ ‘నియోష్’ చెబుతుంది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 100 దగ్గర 15 నిమిషాలే. బ్రేకర్, గ్రైండర్ల మోత 100 దాకా, ఒక్కోసారి ఆ పైకీ పోతుంది. చెవికి ఏమీ లేకుండా వాటి పక్కన నిలబడితే, టీ తాగి వచ్చేంత సేపట్లోనే ఆ రోజు కోటా అయిపోయినట్టు లెక్క.

మీటరు లేకపోయినా ఓ గుర్తు ఉంది. చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే అక్కడ హద్దు దాటిందన్నమాటే. అయితే ఇది ఆరోగ్యంగా ఉన్న చెవికి చెప్పిన లెక్క. బాధ ఉన్న చెవికి అంతకన్నా తక్కువ చప్పుడే గుచ్చుకుంటుంది.

మనవాళ్లు చేసే పొరపాట్లు రెండు. ఒకటి, చెవిలో దూది కుక్కుకోవడం. దూది చప్పుడును పెద్దగా ఆపదు. సైట్‌లో ఇచ్చే ప్లగ్గును సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. దాని మీద మఫ్ కూడా పెడితే రక్షణ రెట్టింపు కాదు, సుమారు 5 డెసిబెల్స్ అదనంగా వస్తుంది. రెండో పొరపాటు, భయంతో గదిలో కూడా పగలూ రాత్రీ ప్లగ్గులు తీయకపోవడం. చప్పుడు లేని చోట కూడా చెవిని మూసే ఉంచితే అది ఇంకా సున్నితమవుతుందని డాక్టర్లు హెచ్చరిస్తారు. మోత ఉన్నచోట పెట్టాలి, నెమ్మది ఉన్నచోట తీయాలి. నొప్పి మరీ ఎక్కువగా ఉన్నవాళ్లు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో డాక్టర్‌నే అడగాలి.

చట్టం ఎంతవరకు వస్తుంది?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో చేసిన 148వ ఒడంబడికలో మనకు పనికొచ్చే మాట ఉంది. శబ్దం ఉన్నచోట పని కొనసాగించడం ఆరోగ్యరీత్యా తగదని తేలితే ఆ కార్మికుడికి తగిన వేరే పని చూపడానికి, లేదా ఆదాయం పోకుండా చూడటానికి అన్ని ప్రయత్నాలూ చేయాలన్నది దాని సారం. కానీ ఒప్పుకుని సంతకం పెట్టిన దేశాలనే అది కట్టిపడేస్తుంది. అదే సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం ఉంది. శబ్దం వల్ల వచ్చే ఈ నొప్పి పేరు మాత్రం అందులో లేదు.

ఎండ సంగతి చూడండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఎండదెబ్బ కంటికి కనిపిస్తుంది, మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. చెవి దెబ్బ అలా కనిపించదు. అందుకే దానికి మనమే కాగితం పుట్టించుకోవాలి.

ఆ కాగితం డాక్టర్ దగ్గర మొదలవుతుంది. ‘అన్‌ఫిట్’ అని రాయించుకుంటే కంపెనీ టికెట్ చేతిలో పెట్టవచ్చు. ‘ఫిట్’ అని ఊరుకుంటే మళ్లీ బ్రేకరే. మనకు కావలసింది ‘పనికి ఫిట్, కానీ బ్రేకర్, గ్రైండర్, జనరేటర్, కంప్రెసర్ దగ్గర పెట్టరాదు’ అన్న మాట. ఉత్త డెసిబెల్స్ అంకె రాస్తే ఫోర్‌మన్‌కు అర్థం కాదు. మిషన్ల పేర్లు రాస్తే తప్పించుకోలేడు. దాని కాపీ, కంపెనీకి ఇచ్చిన అర్జీ కాపీ, ఇచ్చిన తేదీతో సహా దాచుకోవాలి. నోటిమాటగా చెప్పింది రేపు లేబర్ ఆఫీసులో నిలబడదు.

తర్వాత సెలవు. యూఏఈలో ప్రొబేషన్ దాటినవారికి ఏడాదికి 90 రోజుల సిక్ లీవు ఉంటుంది. 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం, 45 రోజులు జీతం లేకుండా. సౌదీలో ఏడాదికి 120 రోజులు. 30 రోజులు పూర్తి జీతం, 60 రోజులు ముప్పావు, 30 రోజులు జీతం లేకుండా. ఆ సెలవు పూర్తిగా వాడుకోకముందే జబ్బు కారణంగా పనిలోంచి తీసేయకూడదని సౌదీ చట్టం చెబుతుంది.

పని మార్చుకోవడానికీ దారి ఉంది. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం కార్మికుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఒప్పందంలో లేని వేరే పనికి పెట్టవచ్చు. మనమే అడుగుతున్నాం కనుక ఆ రాత మనమే ఇవ్వవచ్చు. సౌదీలో మాత్రం అకామాలో ఉన్న ప్రొఫెషన్ ఒకటి, చేసే పని ఇంకొకటి అయితే చిక్కే. ముందు ప్రొఫెషన్ మార్పించుకోవాలి.

కంపెనీ వైపు నుంచి కూడా చూడాలి. పెద్ద కంపెనీకి స్టోరు, ఆఫీసు, తోట అన్నీ ఉంటాయి. ఇరవై మందితో నడిచే సప్లై కంపెనీకి ఉన్నదే ఒక్క పని. అక్కడ ఫోర్‌మన్ మంచివాడైనా చూపించడానికి వేరే పని ఉండదు. అప్పుడు కంపెనీ మారడమే దారి. ఖతార్‌లో 2020 సెప్టెంబర్ నుంచి పాత యజమాని ఎన్‌ఓసీ లేకుండానే మారవచ్చు. సౌదీలో 2021 మార్చి 14 నుంచి, లేబర్ చట్టం కిందికి వచ్చేవారు ఏడాది పనిచేశాక యజమాని అనుమతి లేకుండా షరతులకు లోబడి మారవచ్చు. ఈ దారులుండగా పారిపోతే జీతం బాకీ, సర్వీసు డబ్బులు చిక్కుల్లో పడతాయి. పైగా ఆస్పత్రి మెట్లు ఎక్కాలన్నా భయమే. చెవి బాధ ఉన్నవాడికి అది రెండో దెబ్బ.

ఏ పని? ఏది వద్దు?

పూర్తిగా చప్పుడు లేని పని ఎక్కడా దొరకదు. చూడాల్సింది మూడు సంగతులు. చప్పుడు ఎంత పెద్దది? ఉన్నట్టుండి వస్తుందా, ముందే తెలుస్తుందా? మనం పక్కకు జరిగే వీలుందా? తెలిసి వచ్చే చప్పుడు కన్నా తెలియకుండా మీద పడే చప్పుడే ఎక్కువ బాధ పెడుతుంది.

ఈ లెక్కన టూల్ రూం, స్టోరు, సర్వే బృందానికి సహాయకుడు, బ్రష్‌తో వేసే పెయింటింగ్, ఆఫీసు బాయ్, రాత్రి కాపలా పనికొస్తాయి. ఉన్న వృత్తిలోనే మార్పు అడగవచ్చు. టైల్స్ పనివాడు కోత వేరేవాళ్లకు ఇచ్చి పరచడం చూసుకోవచ్చు. ఎలక్ట్రీషియన్ గోడ తొలిచే పని వదిలి వైరింగ్ చేసుకోవచ్చు. తోటపని మంచిదే, గడ్డి కోసే మిషన్, ఆకులు ఊదే బ్లోయర్ లేకపోతేనే. హోటల్ వంటగది, లాండ్రీ తేలిక పనులని ఏజెంట్ చెబుతాడు. గిన్నెల మోత, మిషన్ల మోత అక్కడ రోజంతా ఉంటుంది. డ్రైవర్ పనిలో హారన్లు మన చేతిలో ఉండవు. కొత్త పని ఒప్పుకునే ముందు సైట్ చూపించమని అడగండి. పనివేళల్లో పది నిమిషాలు అక్కడ నిలబడితే మన చెవే చెబుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గల్ఫ్‌లో అన్నింటికన్నా చప్పుడు తక్కువ ఉన్నది ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే పని. చెవి బాధతో విసిగినవాళ్లు అటు చూస్తారు. కానీ సౌదీలో కాపరులు, ఇంటి పనివాళ్లు మామూలు లేబర్ చట్టం పరిధిలో లేరు, వాళ్లకు నిబంధనలు వేరు. 2021 నాటి బదిలీ సౌకర్యమూ వాళ్లకు వర్తించదు. మోత తక్కువ ఉన్నచోట రక్షణ కూడా తక్కువే. నొప్పి పెరిగిన రాత్రి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే తోడు కూడా ఉండదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన అక్కచెల్లెళ్ల కష్టం ఇంకో రకం. పిల్లల కేకలు, మిక్సీ, వాక్యూమ్ క్లీనర్.. వీటి నుంచి పక్కకు జరిగే వీలే లేదు. వాళ్లు ‘చెవి నొప్పి’ అని ఊరుకోకుండా ఫలానా మిషన్ దగ్గర నొప్పి వస్తోందని మేడమ్‌కు విడమరిచి చెప్పుకోవడం మేలు.

ఇంటికొస్తే ఏముంది?

ఊరికి తిరిగొచ్చినా కష్టం తీరదు. సదరం సర్టిఫికెట్ కోసం వెళ్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం లెక్క ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి వైకల్యం. ఇక్కడ చెవి ఎక్కువ వింటోంది కదా! పింఛను రాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో ఇచ్చే 10 లక్షల రూపాయలు ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా వర్తించేవి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కానీ ఆరోగ్యం పోగొట్టుకుని బతికి వచ్చినవాడి సంగతేమిటి? శవపేటికకు దొరికే లెక్క మనిషికి దొరకకపోతే ఎలా?

ప్రభుత్వాలను మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. మోత ఎక్కువ ఉండే పనులకు వెళ్లేవారికి బయల్దేరే ముందే చెవి పరీక్ష చేసి ఆ రికార్డు చేతికివ్వాలి. అది లేక, జబ్బు ఇక్కడే వచ్చిందని రేపు రుజువు చేయలేకపోతున్నాం. వెళ్లే ముందు ఇచ్చే శిక్షణలో ప్లగ్గు పెట్టుకోవడం ఒక్క పది నిమిషాలు నేర్పాలి. తిరిగొచ్చినవారికి జిల్లా ఆస్పత్రిలో చెవి భరించే హద్దు కొలిచే పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి.

అంతకన్నా ముందు మనం చేయగలిగిందీ ఉంది. యూఏఈలో ఉన్నవారు దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరులో టోల్‌ఫ్రీగా ఫోన్ చేయవచ్చు. మిగతా దేశాల్లో మన ఎంబసీ ఉంది. అర్జీ రాయడం రానివాడికి రాసిపెట్టడానికి గదిలో ఒకడైనా ఉంటాడు.

ఆ జగిత్యాల తమ్ముడి మంచం మీద ఇప్పుడు వేరే పిల్లవాడు పడుకుంటున్నాడు. ఇతనికీ బ్రేకర్ పనే. మొన్న రాత్రి ‘అన్నా, చెవిల ఏదో మోగుతోంది’ అన్నాడు. ఈసారి మేము నవ్వలేదు. శుక్రవారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం.