సైబర్ సెక్యూరిటీ తొలి సర్టిఫికెట్: డబ్బు కట్టే ముందు ఇవి తెలుసుకోండి

'45 రోజుల్లో సైబర్ సెక్యూరిటీ సర్టిఫికెట్.. ఉద్యోగం గ్యారెంటీ'. ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే ఇలాంటి ప్రకటనలు కుప్పలుతెప్పలు. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నవారు వీటిని నమ్మి వేలకు వేలు కట్టేస్తున్నారు. అసలు సంగతేంటంటే.. ఈ రంగంలో తొలి మెట్టు పరీక్షలకు కోచింగ్ తప్పనిసరి కాదు. సిలబస్ ఉచితం. కొంత పాఠ్యసామగ్రీ ఉచితమే. మరి డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది? ఎలా సిద్ధం కావాలి?

ఏ పరీక్ష రాయాలి?

కొత్తవారికి ప్రధానంగా రెండు దారులు. మొదటిది ఐఎస్‌సీ2 సంస్థ ఇచ్చే 'సర్టిఫైడ్ ఇన్ సైబర్‌సెక్యూరిటీ' (సీసీ). దీనికి ఉద్యోగ అనుభవం అక్కర్లేదు. 10 లక్షల మందికి శిక్షణ, పరీక్ష ఉచితంగా ఇస్తామని ఐఎస్‌సీ2 2022లో ప్రకటించింది. ఆ అవకాశం మీకు వర్తిస్తుందో లేదో పేరు నమోదు చేసుకునే ముందు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. పరీక్ష ఉచితమైనా, పాసయ్యాక సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఏడాదికి 50 డాలర్ల నిర్వహణ రుసుము కట్టాలి. చాలామందికి ఈ విషయం చివర్లోగానీ తెలియదు.

రెండోది కాంప్‌టియా 'సెక్యూరిటీ ప్లస్'. సీసీ కంటే కాస్త కష్టం, లోతు ఎక్కువ. ఎస్‌వై0-701 పేరుతో ఉన్న పరీక్ష 2023 నవంబరులో మొదలైంది. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 100 నుంచి 900 వరకు ఉండే స్కేలులో 750 రావాలి. ఫీజు పదివేల రూపాయలకు పైనే. రీటేక్‌తో కలిపి కొంటే తప్ప, తప్పిన ప్రతిసారీ మళ్లీ పూర్తి ఫీజు కట్టాల్సిందే. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది.

నెట్‌వర్కింగ్ అంటే ఏంటో కూడా తెలియకపోతే సీసీతో మొదలుపెట్టండి. ఐపీ అడ్రస్, పోర్ట్, ఫైర్‌వాల్ వంటివి ఇప్పటికే తెలిస్తే నేరుగా సెక్యూరిటీ ప్లస్‌కు వెళ్లవచ్చు.

ఎలా చదవాలి?

ముందుగా కాంప్‌టియా వెబ్‌సైట్ నుంచి 'ఎగ్జామ్ ఆబ్జెక్టివ్స్' పీడీఎఫ్ దించుకోండి. అదే అసలు సిలబస్. ఏ భాగానికి ఎంత వెయిటేజీ ఉందో అందులోనే ఉంటుంది. సెక్యూరిటీ ఆపరేషన్స్‌కు 28 శాతం, ముప్పులు-లోపాలు-నివారణకు 22 శాతం. అంటే సగం పరీక్ష ఈ రెండింటి నుంచే. రోజుకు గంటన్నర కేటాయించగలిగితే ఎనిమిది నుంచి పది వారాల ప్రణాళిక వేసుకోండి. 'ప్రొఫెసర్ మెస్సర్' యూట్యూబ్ పాఠాలు సిలబస్ వరుసలోనే ఉచితంగా దొరుకుతాయి.

నిర్వచనాలు బట్టీ పడితే సరిపోదు. ఫైర్‌వాల్ నిబంధనలు సరిచేయడం, లాగ్‌లు చూసి దాడిని గుర్తించడం వంటి పనులు చేసి చూపించే ప్రశ్నలూ ఉంటాయి. వైర్‌షార్క్, వర్చువల్‌బాక్స్ ఉచితమే. ఇంట్లోనే సాధన చేయండి. అయితే పక్కింటి వైఫై మీదో, కాలేజీ సర్వర్ మీదో ప్రయోగాలు వద్దు. అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

తెలుగు మీడియంలో చదివినవారికి ప్రశ్నల్లోని ఇంగ్లిష్ ఇంకో చిక్కు. 'ఫస్ట్', 'బెస్ట్', 'మోస్ట్ లైక్లీ' అనే మాటల మీదే జవాబు మారిపోతుంది. నమూనా ప్రశ్నలు చేసేటప్పుడు, మిగతా మూడు జవాబులు ఎందుకు తప్పో కూడా రాసుకోండి.

పేరు దగ్గర జాగ్రత్త

పరీక్షలు పియర్సన్ వ్యూ కేంద్రాల్లో జరుగుతాయి. మీరు నమోదు చేసిన పేరు, చూపించే గుర్తింపు కార్డులోని పేరు ఒకేలా ఉండాలి. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మామూలే. కార్డులో ఎలా ఉంటే అలాగే నమోదు చేయండి. తేడా ఉంటే లోపలికి రానివ్వకపోవచ్చు. ఫీజు కూడా పోతుంది.

'అసలు ప్రశ్నలు' అమ్ముతామంటే?

టెలిగ్రామ్‌లో 'డంప్స్' పేరుతో ప్రశ్నపత్రాలు అమ్మేవారున్నారు. వాటిని వాడటం నిబంధనలకు విరుద్ధం. బయటపడితే వచ్చిన సర్టిఫికెట్ కూడా రద్దు కావచ్చు. బయటపడకపోయినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

మోసపోతే ఎవరికి చెప్పాలి?

కోచింగ్ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మందికి మించి బోధించే కేంద్రాలు 'ఉద్యోగం గ్యారెంటీ' వంటి తప్పుడు హామీలు ఇవ్వకూడదు. ఫీజు వివాదమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. డబ్బు కట్టించుకుని మాయమైతే అది సైబర్ మోసం. వెంటనే 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

సర్టిఫికెట్ ఇంటర్వ్యూ గది దాకా తీసుకెళ్తుంది. ఉద్యోగం ఇప్పించేది మీకు తెలిసిన పని. అందుకే ఫీజు కట్టే ముందు ఒక్క నెల ఉచిత పాఠాలతో చదివి చూడండి. ఈ రంగం మీకు సరిపడుతుందో లేదో అప్పటికే తెలిసిపోతుంది.