పచ్చిక పనికి సర్కారు టెండరు

ఇళ్ళ ముందరి గడ్డి కోసి, తోటలు చూచుకుని పేరు తెచ్చుకున్న మన కుర్రవాళ్ళకు ఇప్పుడు సర్కారు ఆఫీసు ఆవరణలూ పార్కులూ కాంట్రాక్టుకు పట్టాలని ఆశ పుట్టింది. మంచిదే. అయితే పెద్ద యంత్రము కొనే ముందు కాగితాలు చదవమంటాము.

మొదటిది ఉద్యమ్ నమోదు. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్నది. ఆధార్ నెంబరుతో ఇంట్లోనే చేసుకోవచ్చు. దమ్మిడీ ఫీజు లేదు, మధ్యవర్తికి డబ్బు పొయ్యవద్దు. ఇది చేతిలో ఉంటే కేంద్ర ప్రభుత్వ శాఖలు 2012 నాటి ఉత్తర్వు ప్రకారము టెండరు ఫారము ఉచితముగా ఇచ్చి, ధరావతు మాఫీ చేస్తాయి. వారి టెండర్లు చాలామట్టుకు 2016లో పెట్టిన జెమ్ పోర్టలులో దొరుకుతాయి. రాష్ట్రాలది వేరే దారి. కర్ణాటకకు 1999 చట్టము, తమిళనాడుకు 1998 చట్టము, పోర్టళ్ళూ వేరే. అక్కడ ధరావతు సంగతి ఏ టెండరుకు ఆ టెండరు చూచుకోవలసిందే.

అనుభవము అడుగుతారు. కాలేజీ మైదానమో, లేఅవుటు పార్కో చేసినప్పుడే పని పూర్తి చేసినట్లు సర్టిఫికెట్టు వ్రాయించుకుని ఉంచాలి. తరువాత అడిగితే ఆ ఆఫీసరు బదిలీ అయి ఉంటాడు!

ఇక రేటు. కొంప ముంచేది ఇదే. మాలి జీతము నెలకు 15,000 అనుకుందాము. మన వాటాగా పి.ఎఫ్. నూటికి 13, ఇ.ఎస్.ఐ. నూటికి 3.25 కలిపితే 17,437 రూపాయల 50 పైసలు. నలుగురికి 69,750. ఇంకా పెట్రోలు, ఎరువు, బ్లేడ్ల సాన, సెలవు రోజున బదులు మనిషి ఇందులో చేరలేదు. పక్కవాణ్ణి ఓడించాలని నలుగురికి 60 వేలు వేసినవాడు ఆ తక్కువపడిన 9,750 ఎవరి కడుపు కొట్టి తెస్తాడు? మాలి జీతము కోసి పచ్చిక కోయడము మన ఇంటా వంటా లేదు. పైగా మరీ తక్కువ రేటుకు ఆఫీసువారు సంజాయిషీ అడగవచ్చు. కనీస వేతనము మారుతూ ఉంటుంది. రెండేళ్ళ కాంట్రాక్టులో ఆ పెంపు ఎవరు భరించాలో షరతులలో వెతకండి.

నీళ్ళ షరతు కూడా చూడండి. 2024 మార్చిలో బెంగుళూరు జలమండలి తాగునీరు తోటలకు పొయ్యరాదని, పోస్తే 5,000 జుల్మానా అని ఉత్తర్వు ఇచ్చింది. అటువంటి వేసవిలో ట్యాంకరు ఖర్చు మన నెత్తిన పడితే లాభము మాట అటుంచి అసలే పోతుంది.

బిల్లు ఆలస్యమైతే 2006 చట్టము ఉన్నది. పని ఒప్పుకున్న నాటి నుంచి 45 రోజులు మించితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆన్‌లైనులో ఫిర్యాదు చెయ్యవచ్చు. కాని మాలి ఇంట్లో పొయ్యి ఫిర్యాదు తేలేదాకా ఆగదు. అందుచేత మూడు నెలల జీతాలు ముందుగానే బ్యాంకులో ఉంచుకుని టెండరు వెయ్యండి. నలుగురు మాలీలకు ఆ లెక్క 2,09,250 రూపాయలు.