చేతిసంచి

మా చిన్ననాటి ఇంటిలో వీథితలుపు వెనుక గోడకు ఒక మేకు ఉండెడిది. ఆ మేకునకు రెండు సంచులు ఎల్లప్పుడును వ్రేలాడుచుండెడివి. ఒకటి గోనెసంచి, రెండవది పాత దుప్పటి గుడ్డతో మా అమ్మ కుట్టినది. బియ్యము, పప్పులు తెచ్చుటకు మొదటిది, కూరగాయలు తెచ్చుటకు రెండవది. నూనెకు వేఱుగా ఒక సీసా ఉండెడిది. అంగడికి పొమ్మని పెద్దలు చెప్పినంతనే మా చేతులు తమంత తామే ఆ మేకువైపు పోయెడివి. సంచి లేకుండ పోయిన నాడు ఉత్తచేతులతో మరల ఇంటికి రావలసివచ్చెడిది. అందుచేత మఱచుట అరుదు.

నేడు అనేక గృహములలో ఆ మేకు కానరాదు. మనము చేతులూపుకొనుచు బయలుదేరుదుము. చేతినిండ కవర్లతో తిరిగి వత్తుము. టమాటాలకు ఒకటి, పచ్చిమిరపకాయలకు ఒకటి, కొత్తిమీర కట్టకు ఒకటి, వీనినన్నింటిని పెట్టుకొనుటకు పెద్దది మఱియొకటి. అంగడినుండి ఇంటికి పావుగంట నడక. ఆ పావుగంటతో కవరు పని ముగియును. కాని దాని ఆయువు ముగియదు. సంచి మఱచిన మన మఱపునకు మూల్యము ఈ కవరు. ఆ మూల్యమును చెల్లించుచున్నవారు మాత్రము మనము కాము. ఎవరు చెల్లించుచున్నారో చూతము.

ముందుగా ఈ వస్తువు చరిత్ర కొంత తెలిసికొనుట మంచిది. 1933వ సంవత్సరమున ఇంగ్లండులోని ఒక రసాయన సంస్థ ప్రయోగశాలలో, శాస్త్రజ్ఞులు వేఱొక పరిశోధన చేయుచుండగా, పాత్రలో మైనమువంటి తెల్లని పదార్థము అనుకొనకుండ కనబడెను. అదియే పాలిథీను. తరువాత స్వీడను దేశపు ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్ ఈ పదార్థముతో చేసిన గొట్టమును మడిచి, అతికించి, కత్తిరించి, చేతిపట్టులు గల సంచిగా రూపొందించెను. 1965లో దానికి పేటెంటు లభించెను. కాగితపు సంచుల కొఱకు చెట్లు నఱకబడుచున్నవని, గట్టిదైన ఈ సంచిని పలుమాఱులు వాడుకొనవచ్చునని ఆయన తలంచెనట. ఒక సంచిని మడిచి ఎల్లప్పుడును జేబులో ఉంచుకొనెడివాడని ఆయన కుమారుడు చెప్పియున్నాడు. దానిని కల్పించినవాడు మడిచి దాచుకొనెను. మనము ముడివేసి పాఱవేయుచున్నాము. కావున దోషమంతయు వస్తువుదే యని చెప్పరాదు. మన అలవాటునకును అందు భాగము కలదు.

పాలిథీను సంచికి గుణములు లేకపోలేదు. అది తేలిక, నీరు చొరనిది, చౌక, కుళ్ళనిది. కాని వీథిలో పడిన క్షణమునుండి ఈ గుణములే దోషములగును. తేలిక గనుక గాలికెగిరి చెట్లకొమ్మలకును, చెఱువులకును చేరును. నీరు చొరదు గనుక కాలువనోటికి మూతవలె అడ్డుపడును. చౌక గనుక దానిని ఏరుకొనుటకు ఎవరును వంగరు. సూక్ష్మజీవులు తినజాలవు గనుక మట్టిలో కలియదు. ఎండకు పెళుసై చిన్నచిన్న తునకలుగా విఱిగి, నేలలోను నీటిలోను చేరును. పోనిమ్ము, కాల్చివేయుదమన్నచో, హానికరమైన పొగ మన ఊపిరితిత్తులలోనికే వచ్చును.

నీటి కాలువలు మూసికొనిపోయినచో ఏమగునో పెద్ద పట్టణములు చవిచూచినవి. బంగ్లాదేశమున 1988లోను, 1998లోను ఘోరమైన వరదలు వచ్చెను. పాలిథీను సంచులు మురుగుకాలువలకు అడ్డుపడి నీరు పోనీయకుండుటచే ఆ దుఃఖము మఱింత హెచ్చెనని గుర్తించి, ఆ దేశము 2002లో పలుచని సంచులను నిషేధించెను. మన ముంబయి నగరమున 2005 జూలై 26వ తేదీన ఒక్కదినముననే 944 మిల్లీమీటర్ల వాన కురిసెను. అంతటి వాన ఏ నగరమునకైనను ఆపదయే. కాని ప్లాస్టికుతో పూడిన కాలువలు ఆ ఆపదను పెంచినవని అందఱును గ్రహించిరి.

ఇక పశువుల సంగతి. మనము వంటయింటి తొక్కలను, మిగిలిన అన్నమును కవరులో పోసి, గట్టిగా ముడివేసి చెత్తకుప్పపై పడవేయుదుము. ఆవు వచ్చి వాసన చూచును. ముడి విప్పుటకు దానికి చేతులు లేవు. కవరుతో సహా మ్రింగును. నెమరువేయు జంతువుల పొట్టలో నాలుగు అరలుండును. మ్రింగిన కవరు మొదటి అరలోనే చిక్కుకొని, ముందుకు పోలేక, వెలుపలికి రాలేక, ఏండ్ల తరబడి పేరుకొనిపోవును. పొట్ట నిండినట్లుండును గాని అది మేత కాదు. నిండిన పొట్టతోనే ఆవు ఆకలికి కృశించి చచ్చును. పుట్టపర్తిలో పశువులను సంరక్షించు కరుణ సొసైటీ యను సంస్థ ఈ ఘోరమును చూడలేక 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించెను. సంక్రాంతి నాడు పసుపు కుంకుమలతో పూజించు గోవునకు మిగిలిన దినములలో మనము పెట్టుచున్న నైవేద్యమిది.

మూల్యము చెల్లించువారిలో మనుష్యులును కలరు. మురుగుకాలువలోనికి దిగి, కవర్ల ఉండలను పైకి తీయు పారిశుద్ధ్య కార్మికుడు ఆ కవరులో ఒక్కదానినైనను తాను తెచ్చినవాడు కాడు.

ప్రభుత్వము ఏమి చేయుచున్నదని మీరడుగవచ్చును. భారతప్రభుత్వము 2016లో చేసిన నియమముల ప్రకారము 50 మైక్రాన్ల కన్న పలుచని సంచులు నిషిద్ధములు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ హద్దు 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకును, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకును పెంచబడెను. దళసరి సంచికి వెల హెచ్చు గనుక వర్తకుడు ఉచితముగా పంచిపెట్టడు. కొన్నవాడు వెంటనే పాఱవేయడు. నియమములోని ఉద్దేశమిది. అయినను పలుచని కవర్లు అంగళ్ళలో ఇప్పటికిని చేతులు మాఱుచునే యున్నవి.

దీనికి కారణము నాకొకనాడు రైతుబజారులో తెలిసినది. ఆకుకూరలమ్ము ఒక అవ్వను, "నిషేధమున్నది గదా, కవరు ఎందుకిత్తువు?" అని అడిగితిని. ఆమె నవ్వి, "ఇవ్వకపోతే పక్కామె దగ్గరకు పోతారు నాయనా. కవరు డబ్బులు కూడా నావే. మీరు సంచి తెచ్చుకుంటే నాకు మిగలదా?" అనెను. ఆ మాటకు నాయొద్ద బదులు లేకపోయెను. నా చేతిలోనూ ఆ దినమున సంచి లేదు.

చట్టము అవసరమే, దానిని గట్టిగా అమలుజరుపుటయు అవసరమే. కాని చట్టము అంగడివఱకు వచ్చును. మన ఇంటి తలుపు వెనుకకు రాదు. ఐర్లండు దేశమున 2002లో ఒక్కొక్క సంచికి 15 సెంట్ల పన్ను విధించిరి. స్వల్పకాలములోనే సంచుల వాడకము పదింట తొమ్మిది వంతులకు పైగా తగ్గిపోయెను. ఆ ప్రజలు కొనుట మానలేదు, తినుట మానలేదు. ఆ చిన్న నాణెము వారికి ఇంటిలోని సంచిని జ్ఞాపకము చేసినది. అంతియే. కవరు లేనిదే జరగదని మనమనుకొనుట భ్రమయని ఇందువలన స్పష్టమగుచున్నది.

"గుడ్డసంచి కొన్నచో చాలును గదా" యని కొందఱందురు. ఇచటను కొంత జాగ్రత్త వలయును. ప్రత్తి పండించుటకు నీరు, ఎరువులు కావలెను; నేయుటకు, రంగువేయుటకు శక్తి కావలెను. 2011లో బ్రిటను పర్యావరణ సంస్థ వేసిన లెక్క ప్రకారము, భూతాపము విషయమున ఒక్కమాఱు వాడిన పలుచని సంచితో సరితూగవలెనన్న నూలుసంచిని 131 మాఱులు వాడవలెను. వారమునకు రెండు మాఱులు అంగడికి తీసికొనిపోయినచో అది పదునైదు నెలల పని. గట్టి సంచి అంతకు ఎన్నియో రెట్లు మన్నును. కాని వేడుకలలో పంచిన కొత్త సంచులను పదింటిని బీరువాలో దాచి, కూరగాయలను కవరులో తెచ్చువానికి పుణ్యము లేదు. పాతచీరతోనో, పాతదుప్పటితోనో కుట్టి, చిరుగువఱకు వాడిన సంచియే మేలైన సంచి. పెరుగునకు, చేపలకు, మాంసమునకు మూతగల డబ్బాను తీసికొనిపోవచ్చును.

"మేమొక్కరము మానినంత మాత్రమున ఏమగును?" అను ప్రశ్న మిగిలినది. లెక్క వేయుదము. ఒక ఇంటికి దినమునకు రెండు కవర్లు వచ్చుననుకొందము. ఏడాదికి 730. నలువదిమంది పిల్లలున్న మీ తరగతిలో నలువది ఇండ్లకు 29,200. ఈ కుప్పను మీ తరగతి గదిలో పోసినట్లు ఊహించుకొనుడు. ఒక్కరు మానినచో లోకము మాఱదు. కాని ఒక తరగతి మానినచో ఆ ఊరి కాలువ తేటపడును.

బాలబాలికలారా! పెద్దలు అంగడికి పంపునది తఱచుగా మిమ్ములనే. కావున ఈ విషయమున మీకు పెద్దల కన్న హెచ్చు అధికారము కలదు. ఈ ఆదివారము మీ ఇంటి తలుపు వెనుక ఒక మేకు కొట్టి, దానికి ఒక పాతగుడ్డ సంచిని తగిలించుడు. అంగడిలో కవరు చేతికందించునప్పుడు, "వద్దు, సంచి తెచ్చుకొన్నాను" అని చెప్పుడు. మొదట రెండు మూడు మాఱులు మఱతురు. అప్పుడు సిగ్గుపడక ఇంటికి తిరిగిపోయి తెచ్చుకొనుడు. నాలుగవ మాఱు మీ చేయి తనంతట తానే మేకువైపు పోవును. ఆ మేకు కొట్టుటకు ఏ శాసనమును అక్కఱలేదు.