మ్యాచ్ టికెట్ దొరికింది... తిరుగు టికెట్ ఏదీ?

2024 మార్చి 27. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 277 కొట్టిన రాత్రి గుర్తుందిగా! ముంబయి కూడా ఏం తగ్గలేదు. రెండు జట్లూ కలిపి 523 పరుగులు, 38 సిక్సర్లు. అలాంటి మ్యాచ్‌ని ఆఖరి బంతి దాకా చూడాలి. కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చే పోరగాళ్లకు పదహారో ఓవర్ నుంచే ఇంకో మ్యాచ్ మొదలవుతుంది. ఒక కన్ను గ్రౌండ్ మీద, ఇంకో కన్ను ఫోన్‌లో టైమ్ మీద.

"ఇంకో రెండు ఓవర్లు చూసి పోదామే అన్నా!"

"చూద్దాంలేరా. తర్వాత ఎల్బీ నగర్‌ల బస్సు నీ మేనమామ ఆపి పెడ్తడా?"

రాత్రి మ్యాచ్ 7:30కి మొదలై 11 దాటాక అయిపోతుంది. సిటీవాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. మ్యాచ్ రోజుల్లో మెట్రో వేళలు పొడిగిస్తారు, స్టేడియం పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, సిటీలోని వేర్వేరు ఏరియాలకు ఆర్టీసీ స్పెషల్ బస్సులు తిప్పుతుంది. మన కథే వేరు. విజయవాడ హైవే ఎక్కాలంటే ఎల్బీ నగర్ చేరాలి. నాగోలు నుంచి రోడ్డు మీద అయిదారు కిలోమీటర్లే. అదే మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేట దాకా పోయి, లైన్ మారి, ఎంజీబీఎస్ మీదుగా మళ్లీ ఇటే రావాలి. పక్కింటికి పోవడానికి ఊరంతా తిరిగినట్టు!

అక్కడికి చేరాక సూర్యాపేట, కోదాడవాళ్లకు కాస్త నయం. విజయవాడ వైపు రాత్రంతా బస్సులు పోతూనే ఉంటాయి. సీటు దొరకడం మాత్రం అదృష్టం. తమాషా ఏంటంటే, ఈ మూడింట్లో రైల్వే స్టేషన్ ఉన్నది మిర్యాలగూడకే, తిరుగు ప్రయాణంలో ఎక్కువ తిప్పలూ దానికే. ఆ బస్సులు నార్కట్‌పల్లి దాటి నేరుగా పోతాయి, మిర్యాలగూడ రోడ్డేమో అక్కడే నల్లగొండ వైపు తిరుగుతుంది. రైలు చూద్దామంటే, నారాయణాద్రి సాయంత్రమే బయల్దేరుతుంది. మ్యాచ్ అయ్యేసరికి అది మిర్యాలగూడ దాటి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

అందుకే చాలామంది బైక్ మీద వెళ్తారు. పొద్దంతా పని, సాయంత్రం మ్యాచ్, అర్ధరాత్రి ఇద్దరు ఒక బండి మీద నూటయాభై కిలోమీటర్లు, పక్కనే దూసుకుపోయే లారీలు. ఇంట్లో అమ్మ ఎందుకు నిద్రపోదో వేరే చెప్పాలా? ఇక అమ్మాయిలైతే రాత్రి మ్యాచ్ అనగానే "వద్దులే" అనే మాట టికెట్ రేటు అడగకముందే వచ్చేస్తుంది.

మరి రైలు వేయలేరా? వేస్తారు, వేశారు కూడా. 2023 అక్టోబర్ 14న అహ్మదాబాద్‌లో భారత్, పాకిస్థాన్ వరల్డ్ కప్ మ్యాచ్‌కి ముంబయి నుంచి ప్రత్యేక రైళ్లు నడిచాయి. 2025 జనవరిలో అదే స్టేడియంలో కోల్డ్‌ప్లే పాటల కచేరీకి కూడా అంతే. జర్మనీలో చాలా ఫుట్‌బాల్ క్లబ్బుల మ్యాచ్ టికెట్ చూపిస్తే లోకల్ రైలు, బస్సు ఫ్రీ. అక్కడ చదువుకుంటున్న మన దోస్తుల్ని అడగండి, చెబుతారు. అంత దూరం ఎందుకు, హైదరాబాద్‌లోనే గణేశ్ నిమజ్జనం రాత్రి ఎంఎంటీఎస్ ప్రత్యేక రైళ్లు తిప్పుతారు. మేడారం జాతరకు వరంగల్, కాజీపేట వైపు స్పెషల్స్ వేస్తారు. దేవుడి కోసం చేసే పని క్రికెట్ కోసం చేస్తే తప్పేం కాదు. (మన దగ్గర ఆ రెండింటికీ పెద్ద తేడా లేదనే వాళ్లూ ఉన్నారు!)

మిర్యాలగూడ విషయంలో ఒక మంచి అవకాశం కళ్లముందే ఉంది. 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. ఉప్పల్ స్టేడియానికి అది సుమారు పది కిలోమీటర్లు. నల్లగొండ, మిర్యాలగూడ లైన్ ఎక్కే రైలు ఎలాగూ అటువైపే పోతుంది. స్టేడియం గేటు నుంచి చర్లపల్లికి నాలుగు సిటీ బస్సులు, అక్కడ అర్ధరాత్రి 12:30కి ఒక మెము రైలు. రామన్నపేట, చిట్యాల, నల్లగొండ, మిర్యాలగూడ. మూడు, మూడున్నరకల్లా ఇంట్లో ఉండొచ్చు. బస్సులో యాభై మంది పడితే, మెములో వెయ్యి మందికి పైనే పడతారు.

అడ్డంకి లేదని కాదు. బీబీనగర్ నుంచి గుంటూరు దాకా ఎన్నాళ్లనుంచో సింగిల్ లైనే. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తే మన రైలు పక్కకు జరిగి ఆగాల్సిందే. 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కి 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. అది పూర్తయ్యేదాకా రోజూ కొత్త రైలు అడగడం కష్టమే గానీ, సీజన్‌లో ఏడెనిమిది రాత్రులకు దారి దొరకదంటే నమ్మబుద్ధి కాదు.

సూర్యాపేట, కోదాడకు రైలు మాట ఎత్తితే నవ్వొస్తుంది. సూర్యాపేట జిల్లా కేంద్రమైనా పట్టణంలో పట్టాలే లేవు. కోదాడకు దగ్గర్లో మేళ్లచెరువు మీదుగా లైన్ ఉంది గానీ, అది ప్రధానంగా సిమెంటు సరుకు కోసం. సిమెంటు బస్తాకున్న రైలు భాగ్యం మనిషికి లేదు! కాబట్టి ఇక్కడ ఆర్టీసీయే దిక్కు. రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతరకు హైవే మీద వాహనాలనే మళ్లిస్తారు, స్పెషల్ బస్సులు తిప్పుతారు. ఆ అనుభవం ఉన్న డిపోలకు రాత్రి 11:45కి ఉప్పల్ నుంచి నాలుగు బస్సులు నడపడం ఒక లెక్కా?

"అంతమంది వస్తారా?" అని అడుగుతారు. ఈ జిల్లాలో ఆటల పిచ్చి గురించి అనుమానం అక్కర్లేదు. 2021 మార్చి 22న సూర్యాపేట జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల్లో జనంతో నిండిన గ్యాలరీ కూలి వంద మంది దాకా గాయపడ్డారు. జనం వస్తారు. వాళ్లు క్షేమంగా కూర్చునే, క్షేమంగా ఇంటికి చేరే ఏర్పాటే వెనకబడింది.

లెక్క తేల్చడం కూడా తేలికే. మ్యాచ్ టికెట్ ఇప్పుడు ఫోన్‌లోనే కొంటున్నాం. సీటు ఎంచుకున్నాక ఇంకో చిన్న గడి పెట్టండి: "రాత్రి తిరుగు ప్రయాణం కావాలా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ." టిక్ కొట్టినవాళ్ల దగ్గర ఛార్జీ అప్పుడే తీసుకోండి. మ్యాచ్‌కి రెండు రోజుల ముందే ఎన్ని బస్సులు కావాలో, మెముకి సరిపడా జనం ఉన్నారో లేదో తెలిసిపోతుంది. మామూలు బస్సు ఛార్జీ మీద యాభై, వంద ఎక్కువైనా ఎవరూ గొణగరు. స్టేడియంలో కూల్‌డ్రింక్, సమోసాకు మనం పెట్టే డబ్బులకంటే అదేం ఎక్కువ కాదు కదా!