ఎండవేళ ఇంటికి పిలుద్దాం

అబ్రాహాము ముగ్గురు అతిథులకు భోజనం పెట్టిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆదికాండం 18వ అధ్యాయం మొదటి వచనంలోనే ఒక చిన్న వివరం ఉంది. చాలామంది దాన్ని దాటి వెళ్లిపోతారు. అది ఎండవేళ. మమ్రేలోని చెట్ల దగ్గర ఆయన తన గుడారపు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అలాంటి వేళ గుమ్మం ముందు ఎవరైనా కనిపిస్తే మనం తలుపు సగమే తీసి ఏం కావాలని అడుగుతాం. 99 ఏళ్ల ఆ వృద్ధుడు మాత్రం లేచి వారికి ఎదురుగా పరుగెత్తాడు. ముందు కాళ్లకు నీళ్లు, తర్వాత చెట్టు నీడన విశ్రాంతి, ఆ తర్వాతే భోజనం. కాస్త ఆహారం తెస్తానన్నవాడు రొట్టెలు, వెన్న, పాలు, లేత దూడ మాంసం తెచ్చాడు. వారు తింటున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు.

అబ్రాహాము దూడను వండించాడు గనుక మనమూ మటన్ బిరియానీ పెట్టాలి కదా అనే సహోదరులు ప్రతి సంఘంలోనూ ఉంటారు. దూడ ఆయన మందలో ఉంది, వండించాడు. మన పెరట్లో ఉన్నది మునగచెట్టు.

ఈ మాట ఎందుకంటే, మన సంఘాల్లో ఒకరినొకరు ఇంటికి భోజనానికి పిలుచుకోవడం బాగా తగ్గిపోయింది. కృతజ్ఞతా కూడిక అయినా, గృహప్రవేశం అయినా షామియానా, కేటరింగు, రెండు రకాల బిరియానీ. ఒక ఇంటివారు వందమందికి పెడితే పక్కవీధివారు రెండు వందలమందికి పెట్టాలి. అప్పు చేసి మరీ పెట్టినవారిని మేము ఎరుగుదుం. అంత పెట్టలేనివారు అసలు పిలవడమే మానుకుంటారు. “మా ఇంట్లో మీకు పెట్టడానికి ఏముందండీ అయ్యగారూ” అనే మాట సేవకులుగా మేము విన్నన్నిసార్లు మరొకరు విని ఉండరు. ఆ మాటలో వినయం కంటే సిగ్గు ఎక్కువ. ఆ సిగ్గు వారికి నేర్పింది మన విందులే.

వేసవి ఆ సిగ్గును పోగొట్టే కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఉన్నవారి ఇంట్లోనూ లేనివారి ఇంట్లోనూ వండుకునేది ఇంచుమించు ఒకటే. పుల్లటి మామిడికాయ వేసిన కందిపప్పు, కొత్త ఆవకాయ, వేయించిన చల్లమిరపకాయలు, గుమ్మడి వడియాలు, మజ్జిగ. చింతచిగురు దొరికితే అందులో నాలుగు ఎండురొయ్యలు. తెలంగాణలో అయితే పచ్చిపులుసు, జొన్న అంబలి, రాయలసీమలో రాగిసంగటి. కుండలో చల్లబడిన నీళ్లు. భోజనం అయ్యాక వీధి చివర ఆకులో కట్టి అమ్మే తాటిముంజలు. ఇందులో ఏదీ చూసి ఎవరూ చిన్నబుచ్చుకోరు, ఎవరూ గొప్పలు పోరు. మండే ఎండలో నూనె, మసాలాల కంటే ఒంటికి హాయి కూడా.

పండు విషయానికి వస్తే, ముక్కలు కోసి ఫోర్కులు గుచ్చి పెట్టే బంగినపల్లి కంటే నూజివీడు వైపు దొరికే చిన్నరసాలనే మేము సిఫారసు చేస్తాం. రసాన్ని చేత్తో మెత్తగా పిసికి, తొడిమ తీసి జుర్రుకోవాలి. మోచేతి దాకా కారుతుంది. ఆఫీసరుగారైనా ఆటో నడిపే తమ్ముడైనా ఆ పని ఒకేలా చేయాలి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలకు మాత్రం ముంజలతో సరిపెట్టండి.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది. మే నెలలో పొయ్యి దగ్గర నిలబడేది ఎవరు? లూకా 10వ అధ్యాయంలోని మార్తను ప్రసంగాల్లో మందలించడం మాలాంటి బోధకులకు అలవాటు. ఆమె బాధ ఏమిటో ఎవరం పెద్దగా పట్టించుకోం. పని అంతా తన ఒక్కదాని మీద పడిందన్నదే ఆమె ఫిర్యాదు. ప్రభువు ఆమెను ప్రేమగా సవరించింది అనేకమైన పనుల విషయంలో. మరి ఆ అనేకం తగ్గించాల్సింది ఎవరు? ఆరు కూరలు అడిగే భర్త, అతిథుల ముందు కూర్చుని వాక్యం చర్చిస్తూ లోపలికి కేకేసి మంచినీళ్లు అడిగే భర్త. అబ్రాహాము తానే పరుగెత్తాడు, తానే దూడను ఎంచాడు, తానే వడ్డించాడు. కాబట్టి పప్పు, ఒక కూర, మజ్జిగ చాలు. వంట పొద్దున్నే ముగించి పొయ్యి ఆర్పేయాలి. వడ్డన, పాత్రలు తోమడం మగవారు తీసుకోవాలి. ఇంటి ఇల్లాలు కూడా అందరితోపాటు చాప మీద కూర్చుని తినలేని భోజనానికి ఎవరినీ పిలవనక్కర్లేదని మా అభిప్రాయం.

భోజనం కాగానే అతిథులను ఎండలోకి పంపకండి. ఫ్యాను కింద ఒక చాప, రెండు దిండ్లు వేయండి. పెద్దలు కునుకు తీస్తారు, పిల్లలు పచ్చీసో అంత్యాక్షరో ఆడుకుంటారు. పొద్దు వాలాక ప్రార్థన చేసి సాగనంపవచ్చు. కరెంటు పోతే విసనకర్రలు ఉన్నాయి. మాటలు బాగా సాగేది అప్పుడే.

ఇక అసలు సంగతి. ఎవరిని పిలవాలి? లూకా 14వ అధ్యాయంలో యేసు ప్రభువు తనను భోజనానికి పిలిచిన ఇంట్లోనే కూర్చుని ఆ ఇంటి యజమానికి సూటిగా చెప్పాడు. తిరిగి పిలవగల బంధువులను, ధనవంతులైన పొరుగువారిని కాదు, బదులు చేయలేనివారిని పిలవమన్నాడు. రోమా 12వ అధ్యాయంలో పౌలు ఆతిథ్యం అనడానికి వాడిన గ్రీకు పదం ఫిలోక్సెనియా. దానికి మూలార్థం కొత్తవారి పట్ల ప్రేమ. మన బావమరిదిని పిలిచి పప్పన్నం పెడితే అది బంధుత్వం, మంచిదే, కానీ పౌలు చెప్పింది అది కాదు.

మన సంఘాల్లో కులం లేదని వేదిక మీద అంటాం. పెళ్లి సంబంధాల దగ్గర అది ఎలా బయటపడుతుందో అందరికీ తెలుసు. భోజనం దగ్గర అది చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. ఇప్పుడే తిన్నాం, ఈ రోజు ఉపవాసం, డాక్టరు వద్దన్నాడు. బల్లారాధనలో ఒకే రొట్టెలో పాలు పొందినవారే గంట తర్వాత చెప్పుకునే సాకులివి. పై కులం నుంచి వచ్చిన విశ్వాసుల సంగతి మాత్రమే కాదు. పక్కపక్కనే ఉన్న రెండు పేటల మధ్య కూడా ఇదే ఉంది. అంతియొకయలో పేతురు చేసింది ఇదే. అన్యజనులతో కలిసి తిన్నవాడు, యాకోబు దగ్గర నుంచి మనుషులు రాగానే వెనక్కి తగ్గి వేరైపోయాడు. పౌలు దాన్ని మర్యాదకు సంబంధించిన చిన్న విషయంగా చూడలేదు. సువార్త సత్యానికే అది అడ్డమని అందరి ఎదుట ఆయనను నిలదీశాడు. గలతీ పత్రిక 2వ అధ్యాయంలో చదవవచ్చు. ప్రేమవిందులు చేస్తున్నాం కదా అంటారు. చర్చి ఆవరణలో ప్లేటు పట్టుకుని ఎవరి గుంపులో వారు నిలబడి తినడం వేరు, ఒకరి గడప దాటి వారి గిన్నెలోది తినడం వేరు.

నేటి మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్‌లో సేవ చేసిన వి.ఎస్. అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెప్పి, మాకు ఇప్పుడు కావలసింది స్నేహితులు అని అడిగారు. రెండేళ్లకు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన నాడు తెల్లవారిని అడిగినది నేడు మన సంఘంలోనే ఒకరు మరొకరిని అడిగే స్థితిలో ఉన్నారు. దానధర్మాలు ఉన్నాయి, క్రిస్మస్‌కు చీరలు పంచుతున్నాం. పక్కన కూర్చోబెట్టుకోవడమే మిగిలింది.

అందుకు ఈ కాలంలో ఒక సులువైన దారి ఉంది. నాలుగు ఇళ్లవారిని పిలవండి. ఒక్కొక్కరిని తమ ఇంటి కొత్త ఆవకాయ చిన్న గిన్నెడు తెమ్మనండి. ఒకరిది వెల్లుల్లి వేసింది, ఒకరిది బెల్లం ఆవకాయ, ఒకరిది పెసర ఆవకాయ, తెలంగాణ నుంచి వచ్చినవారిది అల్లం వెల్లుల్లి ముద్ద కలిపింది. పచ్చడి జాడీ అంటే మన ఇళ్లలో తడిచెయ్యి తగలనీయకుండా, కొన్ని ఇళ్లలో బయటివారి నీడే పడనీయకుండా దాచుకునే వస్తువు. ఆ జాడీలు నాలుగూ ఒకే అన్నం పళ్లెం మీదికి రావాలి. ఇంటి యజమాని ముందుగా ఎవరి పచ్చడి కలుపుకుంటాడో ఆ రోజు అందరూ గమనిస్తారు. పనిమనిషిగా బతుకుతున్న సహోదరి తెచ్చినదాన్ని కలుపుకోండి.

ఆ తర్వాత వారు తమ ఇంటికి పిలుస్తారు. పిలిచే ధైర్యం వచ్చేవరకు ఒకటి రెండు వేసవులు పట్టవచ్చు. పిలిచిన రోజున తప్పక వెళ్లండి. ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు తమ ముందు పెట్టినది తినమనే చెప్పాడు. వెంట మినరల్ వాటర్ సీసా పట్టుకెళ్లకండి. రేకుల ఇల్లు వేడిగా ఉంటుంది, గుమ్మం బయట వేపచెట్టు కింద చాప వేస్తారు. వారి కుండలో నీళ్లు వారి గ్లాసుతోనే తాగి, రెండోసారి పప్పు అడగండి.