మెయిల్ మెర్జ్‌లో తప్పిపోయే పేర్లు

సభ్యుల చిరునామాలున్న ఎక్సెల్ షీటును వర్డ్ ఫైలుకు జోడించి, ఒక్కొక్కరి పేరిట ఉత్తరమో లేబులో తయారుచేసే పద్ధతి మెయిల్ మెర్జ్. హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో ఎం.ఎస్. ఆఫీస్ పాఠాలతో పాటు నేర్పే ఈ పని, సభ్యులకు పత్రిక సంచికను కవర్లలో పంపే ప్రతి ప్రవాస సంఘానికీ అవసరమే. అందులో కొందరి పేర్లు రాకపోతే వరుసగా చూడవలసినవి ఇవి.

మొదట షీటు. కొత్త సభ్యులను చేర్చాక సేవ్ చేయకపోతే వర్డ్‌కు పాత జాబితాయే అందుతుంది. ఫైలులో రెండు మూడు షీట్లుంటే సరైనదాన్నే ఎంచుకోవాలి. మొదటి వరుసలో సంఘం పేరు కాక, కాలమ్‌ల శీర్షికలే ఉండాలి.

తర్వాత వర్డ్‌లోని ‘ఎడిట్ రెసిపియెంట్ లిస్ట్’. అక్కడ టిక్ తీసేసిన పేర్లు ముద్రణకు రావు. పాత ఫైలును మళ్లీ వాడినప్పుడు అప్పటి ఫిల్టర్ కూడా మిగిలి ఉండవచ్చు. ఎక్సెల్‌లో పెట్టిన ఫిల్టర్‌ను మాత్రం వర్డ్ లెక్కచేయదు. అక్కడ దాచిన వరుసలూ వచ్చేస్తాయి.

ప్రవాస సంఘాలను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పోస్టల్ కోడ్ కాలమ్. అమీర్‌పేట 500016, పంజాగుట్ట 500082 అంకెలే. కెనడా, బ్రిటన్ కోడ్‌లలో అక్షరాలూ ఉంటాయి. ఒక కాలమ్‌లో అంకెలున్నాయా, అక్షరాలున్నాయా అన్నది మామూలుగా మొదటి 8 వరుసలను బట్టే తేలిపోతుంది. అవన్నీ హైదరాబాదు చిరునామాలైతే, కింద ఉన్న టొరంటో కోడ్ ఖాళీగానో సున్నాగానో రావచ్చు. న్యూజెర్సీలోని ఎడిసన్‌కు చెందిన 08817 నుంచి మొదటి సున్నా ఎగిరిపోయి 8817 మిగులుతుంది. పేరు ఉన్నా కవరు చేరడం కష్టమవుతుంది. టైపు చేయకముందే కాలమ్‌ను ‘టెక్స్ట్’గా మార్చుకోవాలి. ముందే టైపు చేసి ఉంటే, మార్చాక కోడ్‌లను మళ్లీ కొట్టాలి.

తెలుగు పేర్లున్న జాబితాను సీఎస్‌వీగా దాచేటప్పుడు యూటీఎఫ్-8 రకాన్ని ఎంచుకోవాలి. లేకుంటే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వస్తాయి.

లేబుళ్లలో ‘నెక్స్ట్ రికార్డ్’ ఫీల్డు కీలకం. ఇది మొదటి లేబులులో ఉండకూడదు, మిగతా అన్నింటిలో ఉండాలి. మొదటిదానిలో ఉంటే జాబితాలోని తొలి పేరే జారిపోతుంది. తక్కినవాటిలో లేకపోతే పేజీ అంతా ఒకే పేరు అచ్చవుతుంది. మొదటి లేబులు సరిచేసి ‘అప్‌డేట్ లేబుల్స్’ నొక్కితే మిగతావీ కుదురుతాయి. ఉత్తరంలో పొరపాటున ఈ ఫీల్డు పడితే ఒక పేరు వచ్చి, మరొకటి తప్పిపోతుంది.

ఈమెయిల్ పంపేటప్పుడు చిరునామా గడి ఖాళీగా ఉన్నవారికి సందేశం వెళ్లదు. చివరి మెట్టులో ‘ఆల్’ బదులు ‘కరెంట్ రికార్డ్’ ఎంచుకుంటే ఒక్కరిదే వస్తుంది.

ముద్రణకు ముందు శీర్షికల వరుస మినహా షీటులోని వరుసల సంఖ్యను, వర్డ్ చూపే రికార్డుల సంఖ్యను పోల్చి చూడాలి. తర్వాత ప్రింటర్‌కు పంపకుండా, ‘ఎడిట్ ఇండివిడ్యువల్ డాక్యుమెంట్స్’తో ఒక ఫైలుగా తెరిచి, మొదటి పేరు, చివరి పేరు, దేశానికొక చిరునామా సరిచూడాలి. ఒక పేరు తప్పిపోతే ఒక కుటుంబానికి సంచిక అందదు. కాబట్టి ఈ తనిఖీ పూర్తికాకుండా ఏ సంఘమూ కవర్లు పోస్టు చేయకూడదు.